పదకొండేళ్ళ తర్వాత లీడర్ కిరీటం దించేస్తున్నా, మన క్లాన్ జట్టు వాళ్ళందరూ ఒకసారి చదవండి

చెరువుగట్టు_నెల్లూరు | శుక్రవారం, రాత్రి 11.52

ఏ ఆట గురించో పేరు రాయక్కర్లేదు, ఇక్కడికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. 2014లో మొదలుపెట్టాం. అప్పుడు వీఆర్‌సీ సెంటర్ పక్క సందులో ఒక నెట్ సెంటర్. గంటకు ఇరవై రూపాయలు, ఆరుగురం, నాలుగు కుర్చీలు. తర్వాత ఆట ఫోన్లోకి వచ్చింది, మనం అరవై మందిమయ్యాం. వాళ్ళలో సగం మంది ముఖాలు నేను ఇప్పటికీ చూడలేదు. గొంతులు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తా.

నాకు ఇందుకూరుపేట అవతల రొయ్యల చెరువులు. రాత్రి కాపలాలో కన్ను మూయడానికి లేదు. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగినా, జనరేటర్ మొరాయించినా పంట మొత్తం తెల్లారేసరికి పైకి తేలుతుంది. ఇన్నేళ్ళు నన్ను నిద్రపోకుండా కాపాడింది ఈ ఆటే. ఒక చెవిలో మీ అరుపులు, ఇంకో చెవిలో ఏరియేటర్ల చప్పుడు. చప్పుడు ఆగితే కోట ఎవడి చేతిలో ఉన్నా సరే ఫోన్ గట్టు మీద పారేసి పరిగెత్తేవాడిని. ఒక్కరు కూడా తిట్టలేదు.

ఆరు నెలల కింద ఆట కంపెనీ వాళ్ళు మన దగ్గరి సర్వర్ ఎత్తేసి యూరప్ సర్వర్లో కలిపారు. ముందురోజు నాకు పింగ్ (మనం నొక్కింది సర్వర్ దాకా పోయి తిరిగి రావడానికి పట్టే టైము) 45 మిల్లీసెకన్లు. మర్నాడు 190. సరే, ఓర్చుకున్నాం. తర్వాత కొత్త సీజన్. ఏడో అంతస్తు కోట కట్టడానికి నాకు మూడేళ్ళు పట్టింది, ఇప్పుడది ప్యాకులో అమ్ముతున్నారు. అదీ మింగాను. గోడ చాటుకి పోయాక కూడా ఎట్టా చచ్చిపోతున్నామో వీడియోలు తీసి, టైము వేసి, ఒక్కొక్కటీ వివరంగా రాసి కంపెనీకి ఫిర్యాదు టికెట్ పెట్టాను. ఇరవై మూడోసారి. నిన్న జవాబు వచ్చింది: కమాండర్ గారూ, మీ ఉత్సాహానికి ధన్యవాదాలు, ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయండి.

నా పని అయిపోయింది. రేపు రాత్రి తొమ్మిదిన్నరకి చివరి యుద్ధం. వచ్చేవాళ్ళు రండి.

---

చీమకుర్తి_రాయి | శనివారం, ఉదయం 6.10

ఏందన్నా ఇది. పొద్దున్నే క్వారీకి బయల్దేరుతూ చూశా, టీ గొంతులో దిగలేదు. ఫోన్ ఆపి ఆన్ చేయమన్నారా? నయం, స్నానం చేసి రమ్మనలేదు.

నేనూ దిగిపోతున్నా. నా ఏడో అంతస్తు కోట మీద ఒట్టు.

---

ఉలవపాడు_సపోటా | ఉదయం 6.31

రాయి అన్నది ఐదో అంతస్తు కోటే కదా.

---

చీమకుర్తి_రాయి | ఉదయం 6.33

ఏడు అవబోతోంది. నువ్వు సపోటాలు అమ్ముకో.

---

కందుకూరు_అక్క | ఉదయం 8.05

స్కూలుకి వెళ్ళే తొందరలో ఉన్నాను, కానీ ఇది చెప్పాలి. లీడర్ గారు తన కారణాలు చెప్పారు, నా కారణం వేరే.

2019లో ఒకడు పబ్లిక్ వాయిస్‌లో నా గొంతు విని ఏం మాట్లాడాడో ఇక్కడ రాయను. రిపోర్ట్ కొట్టాను. "మీ ఫిర్యాదు అందింది" అని వచ్చింది. మర్నాడు అదే మనిషి అదే లాబీలో (మ్యాచ్‌కి ముందు అందరూ చేరే చోట), ఒంటి మీద కొత్తగా కొన్న బంగారు కవచంతో. అంటే డబ్బులు పెట్టే మనిషి, బయటికి ఎందుకు పంపుతారు? ఆ తర్వాత పబ్లిక్ మ్యాచ్‌లో మైక్ ఆన్ చేయడం మానేశాను. ఇప్పటికి ఎన్ని రిపోర్టులు పెట్టానో లెక్క లేదు, ఒక్కదానికీ ఏం చేశారో తిరిగి చెప్పలేదు.

మరి ఇన్నాళ్ళు ఎందుకు ఉన్నానంటే మన క్లాన్‌లో లీడర్ గారు పెట్టిన రూల్ వల్ల. నోరు జారితే అదే నిమిషంలో బయటికి, ఎంత మొనగాడైనా సరే. మనకు టోర్నమెంట్ గెలిపించే కుర్రాడినే అట్టా పంపేశారు, ఆ సీజన్ ఓడిపోయాం కూడా. వాళ్ళు చేయాల్సిన పని ఈయన చేశారు. ఈయన లేకపోతే నాకు అక్కడ పనేముంది?

---

రొట్టెలపండగ_కుర్రోడు | ఉదయం 9.40

అన్నా, అక్కా, కోపం తెచ్చుకోవద్దు. నేను వచ్చి ఏడాదిన్నరే అయింది, ఒక మాట అంటాను.

మీకు మూడేళ్ళు పట్టింది కాబట్టి నాకూ మూడేళ్ళు పట్టాలా? నేను చేరినప్పుడు మొదటి రెండు నెలలు ఏ మ్యాచ్‌కి పోయినా ఎదురుగా ఏడో అంతస్తు కోటలే. గేటు దాకా కూడా వెళ్ళనివ్వలేదు. నాతో చేరిన నా క్లాస్‌మేట్లు నలుగురు వారంలో డిలీట్ కొట్టారు. కొత్త సీజన్ వచ్చాకే మాకు కాస్త ఊపిరి ఆడింది. నేను ఒక్క రూపాయి పెట్టలేదు, సెకండ్ హ్యాండ్ ఫోన్లో ఆడుతున్నా. ఫ్రీగా ఇచ్చిన ఆటకి ఇంత ఏడుపు ఏందో నాకు అర్థం కావట్లేదు.

---

చీమకుర్తి_రాయి | ఉదయం 9.58

ఫ్రీ అంట. మేము పదకొండేళ్ళు ఆడి లాబీ నింపబట్టే నీకు మ్యాచ్ దొరికింది తమ్ముడూ. ఖాళీ హోటల్లోకి ఎవడన్నా పోతాడా? మొదట కూర్చుని తిన్నవాళ్ళను చూసే నువ్వు లోపలికి వచ్చింది.

---

రొట్టెలపండగ_కుర్రోడు | ఉదయం 10.02

మొదట కూర్చున్నవాళ్ళు లేవకపోతే మేం ఎక్కడ కూర్చోవాలి అన్నా.

---

మోడరేటర్ | ఉదయం 10.20

మధ్యలో మూడు పోస్టులు తీసేశాను. ఊరి పేర్లు, కులాల పేర్లు ఇందులోకి లాగొద్దు. ఆట గురించి ఎంతసేపైనా కొట్టుకోండి.

---

కావలి_కోడర్ | ఉదయం 11.15

శనివారం సెలవు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. చెన్నైలో నేను చేసేది ఆటల కంపెనీ కాదుగానీ, యాప్ ఉద్యోగమే. లోపల ఎట్టా ఉంటుందో కొంత తెలుసు.

ముందు గోడ సంగతి. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సముద్రపు కేబుల్ దారిలో యూరప్ పదివేల కిలోమీటర్లనుకోండి. రానూ పోనూ 20 వేలు. అంటే దారికే 100 మిల్లీసెకన్లు. దాని మీద మీ ఊరి టవరు, మధ్యలో రూటర్లు. 190 ఎందుకొచ్చిందంటే ఇందుకు. ఫోన్ ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా యూరప్ దగ్గరికి రాదు.

ఇక చావు. ఇలాంటి ఆటల్లో కాల్చినవాడి తెర మీద ఆ క్షణంలో నువ్వు ఎక్కడ కనిపించావో సర్వర్ వెనక్కి లెక్కగట్టి చూస్తుంది. వాడి తెర మీద నువ్వింకా గోడ బయటే ఉన్నావు. నీ తెర మీద నువ్వు చాటుకి వచ్చేసి కూర్చున్నావు. సర్వర్ కాల్చినవాడి మాటే నమ్ముతుంది. దగ్గరి సర్వర్లో ఈ తేడా కంటికి ఆనదు, అందుకే ఇదివరకు మనకు తెలియలేదు. ఎంత పాత చూపు వరకు ఒప్పుకోవాలన్నదానికి ఒక హద్దు పెట్టొచ్చు. కానీ ఆ హద్దు తగ్గిస్తే పింగ్ ఎక్కువున్నవాళ్ళ తూటాలు అసలు తగలవు. ఇప్పుడా ఎక్కువున్నవాళ్ళం మనమే! ఎటు తిప్పినా దెబ్బ మనకే. దీనికి అసలు మందు ఒక్కటే, సర్వర్ దగ్గరికి తేవడం. దానికి నెలనెలా ఖర్చు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఫ్రీ ఆటల్లో జేబులోంచి తీసేవాళ్ళు చాలా కొద్దిమంది. వాళ్ళలోనూ పిడికెడు మంది మీదే ఆదాయంలో పెద్ద భాగం నడుస్తుంది. ఆ వ్యాపారంలో వాళ్ళను తిమింగలాలు అంటారు. మీటింగులో తెర మీద ఏముంటుంది? ఇవాళ ఎంతమంది లాగిన్ అయ్యారు, కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజు, ఏడో రోజు, ముప్పయ్యో రోజు దాకా ఎంతమంది మిగిలారు, తల ఒక్కింటికి ఎంత వచ్చింది. చెరువుగట్టు అన్నలాంటి మనిషి ఆ తెర మీద ఎక్కడా కనిపించడు. అన్న పదకొండేళ్ళుగా రోజూ వస్తున్నాడు, అంటే రేపూ వస్తాడు, వాళ్ళ లెక్కలో అన్న గురించి ఆలోచించాల్సిన పనే లేదు. కుర్రోడు ఏడో రోజు పోతాడా ఉంటాడా అన్నదే వాళ్ళ టెన్షన్.

ఇంకొకటి, సిగ్గుతో చెప్తున్నా. ఆ "ఫోన్ ఆపి ఆన్ చేయండి" లాంటి జవాబులు రాసిపెట్టేది మాలాంటి వాళ్ళమే. నా మొదటి ఉద్యోగంలో అలాంటివి నలభై రాశాను. సపోర్టులో కూర్చునే పిల్లకు గంటకు ఇన్ని టికెట్లు మూయాలని లెక్క ఉంటుంది. అన్న పంపిన వీడియో తెరిచి చూస్తే ఆ లెక్క తప్పుతుంది. చూసినా దాన్ని కోడ్ రాసేవాళ్ళ దాకా పంపే దారి ఉండాలిగా. పాత కోడ్ రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటారు. "ఆ ఫైలు ముట్టుకోవద్దు" అన్న మాట మా ఆఫీసులోనూ వింటుంటాం.

---

ఉలవపాడు_సపోటా | ఉదయం 11.31

ఈసారి రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో పింగ్ రొట్టె ఇచ్చేవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, లైన్లో నేనే మొదట. విద్యా రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె ఉండగా ఇదొక్కటి ఎందుకు ఉండదు.

---

మార్కాపురం_పలక | మధ్యాహ్నం 1.05

కోడర్ బాగా చెప్పాడు. నేను పాత ఆటల పిచ్చివాడిని కాబట్టి ఇది మనకే కొత్తగా జరగలేదని చెప్పడానికి కొంచెం వెనక్కి పోతాను.

స్టార్ వార్స్ గెలాక్సీస్ అని ఒక ఆట, 2003లో వచ్చింది. అందులో ముప్పైకి పైగా వృత్తులు. వైద్యుడు, వంటవాడు, నాట్యం చేసేవాళ్ళు, అన్నీ. 2005 నవంబరులో ఒక్క మార్పుతో వాటిని తొమ్మిదికి కుదించారు. కొత్తవాళ్ళకు తేలిగ్గా ఉండాలని. ఏళ్ళ తరబడి ఒక వృత్తిని పెంచుకున్నవాళ్ళు మూటాముల్లె సర్దుకున్నారు. వాళ్ళు ఆశపడిన కొత్త జనం రాలేదు. 2011 డిసెంబరు 15న మూసేశారు. కుర్రోడి మాటలో న్యాయం ఉంది, కొత్తవాడికి చోటు కావాలి. కానీ పాతవాడిని లేపి ఆ కుర్చీ ఇస్తే ఏమవుతుందో ఇందులో ఉంది.

రెండోది ఈవ్ ఆన్‌లైన్. అంతరిక్షంలో ఓడల ఆట, ఐస్‌లాండ్ కంపెనీది. 2011లో పాత్రలకు వేసుకునే ఒంటికంటి అద్దం అరవై డాలర్లకు పైగా ధర పెట్టి అమ్మారు. అదే సమయంలో ఆఫీసు లోపలి పత్రం ఒకటి బయటికి పొక్కింది, అందులో దురాశ గురించే చర్చ. ఆటగాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆటలోనే జీటా అనే పెద్ద బజారు దగ్గరున్న విగ్రహం చుట్టూ చేరి గంటల తరబడి దాన్ని కాల్చారు. చాలామంది చందాలు ఆపేశారు. ఆ అక్టోబరుకల్లా కంపెనీ పెద్ద బహిరంగంగా తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు, ఉద్యోగుల్లో ఐదో వంతు మందిని కూడా తీసేశారు. ఆ ఆట ఇప్పటికీ నడుస్తోంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది రూన్‌స్కేప్ అనే ఆట. 2012 నవంబరులో యుద్ధం చేసే పద్ధతి మొత్తం మార్చేశారు. జనం పోవడం మొదలైంది. అప్పుడు వాళ్ళ దగ్గర 2007 నాటి ఆట కాపీ ఒకటి భద్రంగా ఉందని బయటపడింది. దాన్ని తెరవమంటారా అని 2013లో ఓటు పెట్టారు. 4 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. ఆ ఫిబ్రవరిలోనే పాత ఆటను తెరిచారు. అక్కడితో ఆగలేదు. కొత్తది ఏది చేర్చాలన్నా ఆటగాళ్ళ ఓటు కావాలన్నారు. నూటికి 75 మంది సరే అంటేనే. 2022లో దాన్ని 70కి తగ్గించారు. ఇప్పుడు ఆ పాతదాంట్లోనే జనం ఎక్కువ.

మన ఆటవాళ్ళు మనల్ని ఎప్పుడన్నా ఒక్క ప్రశ్న అడిగారా? 2022లో కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపినప్పుడు కూడా ముందు అభ్యంతరాలు చెప్పుకోమని నోటీసన్నా ఇచ్చారు.

---

కందుకూరు_అక్క | మధ్యాహ్నం 1.20

ఆ నోటీసు గొడవ గుర్తు చేయకండి తమ్ముడూ, మా స్టాఫ్ రూమ్‌లో ఇంకా చల్లారలేదు.

---

రొట్టెలపండగ_కుర్రోడు | మధ్యాహ్నం 2.10

పలకన్నా, ఇది నాకు తెలియదు. విగ్రహాన్ని కాల్చడం సూపర్.

అయితే దిగిపోవడం ఎందుకు, మనమూ ఏదో చేద్దాం. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 అనే ఆటకి అదే జరిగింది కదా. స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల స్టోర్‌లో కొని ఆడేవాళ్ళు సోనీ అకౌంట్ కూడా కలపాలన్నారు, జనం 2 లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు కొట్టారు, మూడు రోజుల్లో వెనక్కి తగ్గారు. మనం అరవై మందిమి ఒకేసారి ఒక్క స్టార్ ఇద్దాం.

---

కావలి_కోడర్ | మధ్యాహ్నం 2.25

అది డబ్బు పెట్టి కొన్న ఆట తమ్ముడూ. జనం రీఫండ్ అడిగారు, పైగా సోనీ అకౌంట్ పెట్టుకునే వీల్లేని దేశాల్లో కూడా దాన్ని అమ్మి ఉన్నారు. పీకల మీదికి వచ్చింది. మనది ఫ్రీ. అరవై ఒక్క-స్టార్లు వాళ్ళకు దోమకాటు.

---

కందుకూరు_అక్క | మధ్యాహ్నం 2.40

మరి డబ్బులు పెట్టి కొన్న వస్తువుల మాటేమిటి? మావారికి తెలియదు, ఇన్నేళ్ళలో ఆరు వేల పైచిలుకు పెట్టాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయొచ్చా?

---

కావలి_కోడర్ | మధ్యాహ్నం 2.52

చేయొచ్చు అక్కా, ఫిర్యాదు రాసుకుంటారు. కానీ మనం "ఒప్పుకుంటున్నాను" నొక్కిన షరతుల్లో అది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే అని ఉంటుంది. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియాలో అయితే డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని చట్టం తెచ్చారు. మన దేశంలో 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ముఖ్యంగా పందెం డబ్బుతో ఆడే ఆటల గురించి. మన కోట గొడవకు అది పనికిరాదు.

---

చీమకుర్తి_రాయి | సాయంత్రం 5.45

పని దిగి వచ్చా, పొద్దున్న కుర్రోడి మీద అరిచినందుకు ఏమనుకోవద్దు తమ్ముడూ.

నాకు చట్టాలు తెలియవు. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీతో కలిపి 118 యాప్‌లు నిషేధించినప్పుడు మన క్లాన్‌లోకి పదిహేను మంది వచ్చిపడ్డారు, గుర్తుందా? 2021 జూలైలో పబ్‌జీ బదులు బీజీఎంఐ రాగానే సగం అటు దూకారు. ఏడాదికి అదీ స్టోర్లలోంచి మాయం. మళ్ళీ ఇటు. 2023 మేలో అది తిరిగి రాగానే మళ్ళీ అటు. లీడర్ అన్న ప్రతిసారీ వాళ్ళను చేర్చుకున్నాడు. నేను వద్దన్నా. "చెరువు ఎండితే కొంగ వేరే చెరువుకి పోతుంది, తప్పేముంది" అన్నాడు.

2021 నవంబరు వరదల సంగతి కూడా చెప్పాలి. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజు. నేను మద్రాసు నుంచి వస్తూ నెల్లూరు ఇవతలే ఇరుక్కుపోయా. ఫోన్లో ఐదు శాతం చార్జింగ్. ఎవరికి చేయాలో తోచక ఆట తెరిచి క్లాన్ చాట్‌లో ఒక్క లైన్ పెట్టా. గంట తర్వాత ఒకాయన మోకాళ్ళ లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి, "రాయి మీరేనా" అన్నాడు. అన్న చెరువులు ఆ రోజే గట్లు తెగి పోయినయ్యి. ఆ మాట నాకు చెప్పలేదు. రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని, వదిన చేపల పులుసు పెట్టి పంపాడు. పంట పోయిందని నెల తర్వాత ఇంకెవరో చెప్తే తెలిసింది.

---

చెరువుగట్టు_నెల్లూరు | సాయంత్రం 6.30

ఇప్పుడు అవన్నీ ఎందుకు రాయీ.

కుర్రోడా, నీ మాట పొద్దుట్నించీ బుర్రలో తిరుగుతోంది. నిజమే, మీ గేటు దగ్గర కాపు కాసి కొట్టింది మేమే. నాకప్పుడు అది సరదా. మీ క్లాస్‌మేట్లు నలుగురు పోయినప్పుడు నేను ఎవరి ఉత్సాహానికీ ధన్యవాదాలు కూడా చెప్పలేదు.

నా కోపం మీ మీద కాదు. సర్వర్ మార్చబోతున్నాం, ఖర్చు భరించలేకపోతున్నాం, మీకు ఇబ్బంది అవుతుంది అని నెల ముందు నాలుగు ముక్కలు రాసుంటే నేను 190లోనే ఆడేవాడిని. మేత కంపెనీ వాడు రేటు పెంచినా ముందు ఫోన్ చేసి చెప్తాడు. అమెరికా వాళ్ళు రొయ్యల మీద సుంకం వేసినా తారీఖు చెప్పి వేశారు.

కిరీటం అక్కకి ఇస్తున్నా. ఆమె ఒప్పుకుంటే.

---

కందుకూరు_అక్క | సాయంత్రం 6.48

నేను దిగిపోతున్నానని పొద్దున్నే రాశాను కదండీ.

---

చెరువుగట్టు_నెల్లూరు | సాయంత్రం 6.50

"పనేముంది" అన్నారు. దిగిపోతున్నానని రాయలేదు. రెండుసార్లు చదివా.

---

కందుకూరు_అక్క | రాత్రి 7.35

వంట చేస్తూ ఆలోచించాను. ఒక షరతు. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకే. నోరు జారినవాళ్ళ సంగతి మాత్రం మీకంటే గట్టిగా చూస్తాను. కుర్రోడిని నాకు డిప్యూటీగా ఇవ్వండి. గేటు దగ్గర కొత్తవాళ్ళను కొట్టకుండా చూసే పని వాడిది.

---

రొట్టెలపండగ_కుర్రోడు | రాత్రి 7.36

నేనా??

---

ఉలవపాడు_సపోటా | రాత్రి 9.24

చార్జింగ్ ఫుల్. దూరపు పింగ్‌కి దండం పెట్టి కూర్చున్నా.

---

మార్కాపురం_పలక | రాత్రి 9.29

నాకు లాగిన్ కావట్లేదు. మీకూ అంతేనా?

---

చీమకుర్తి_రాయి | రాత్రి 9.30

"నిర్వహణ పనుల వల్ల సర్వర్ అందుబాటులో లేదు. మీ సహనానికి ధన్యవాదాలు, కమాండర్."

---

కావలి_కోడర్ | రాత్రి 9.31

మన తొమ్మిదిన్నర యూరప్‌కి సాయంత్రం. వాళ్ళ రాత్రి రద్దీకి ఇంకా టైముంది. మన గురించి ఎవడూ చూసి ఉండడు.

---

ఉలవపాడు_సపోటా | రాత్రి 9.33

అన్నా, ఫోన్ ఆపి ఆన్ చేశావా?

---

చెరువుగట్టు_నెల్లూరు | రాత్రి 9.41

చేశా. రాలేదు.

గ్రూప్ కాల్ పెట్టాను, అందరూ అందులోకి రండి. ఏరియేటర్ చప్పుడు వస్తుంది, ఏమనుకోవద్దు, ఇవాళ కాపలా కుర్రాడు సెలవు పెట్టాడు, నేనే గట్టు మీదున్నా.

---

రొట్టెలపండగ_కుర్రోడు | రాత్రి 9.43

వచ్చా అన్నా. అక్క మైక్ ఆన్‌లో ఉంది, కుక్కర్ కూతలు వినిపిస్తున్నాయి.